ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల ఆఫెన్స్, డిఫెన్స్ ర్యాంకులు: యార్డులు కాకపోతే మరి ఏది లెక్కపెట్టాలి?

ప్రశ్న: మూడో_డౌన్

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్)లోని 32 జట్లకీ ఆఫెన్స్‌కి (బంతితో ఆడే వైపు) ఒకటి, డిఫెన్స్‌కి (దాన్ని ఆపే వైపు) ఒకటి ర్యాంకు ఇచ్చే షీట్ కడుతున్నాను. ఆఫెన్స్ వైపు నాలుగు కాలమ్‌లు: మ్యాచ్‌కి సగటు యార్డులు, మ్యాచ్‌కి సగటు పాయింట్లు, మూడో డౌన్‌లో ఫస్ట్ డౌన్ సాధించిన శాతం (డౌన్ అంటే ఒక ప్రయత్నం; నాలుగింట్లో 10 యార్డులు దాటితే మళ్లీ ఫస్ట్ డౌన్), టర్నోవర్లు (బంతిని ప్రత్యర్థికి పోగొట్టుకోవడం). డిఫెన్స్ వైపూ ఇవే నాలుగు, తలకిందులుగా. ఒక్కో కాలమ్‌లో 1 నుంచి 32 దాకా ర్యాంకు వేసి, ఆ నాలుగు ర్యాంకుల సగటు తీసి, దాన్ని మళ్లీ ర్యాంకు చేస్తున్నాను.

మూడు చోట్ల తేడా కొడుతోంది. ఒక డిఫెన్స్ రన్ (బంతి పట్టుకుని పరిగెత్తడం) యార్డుల్లో మొదటి ఐదింట్లో ఉంటుంది, పాస్ (బంతి విసరడం) యార్డుల్లో అట్టడుగున ఉంటుంది, కలిపితే మధ్యలో తేలుతుంది. అది నిజంగా మధ్యరకం డిఫెన్సేనా? రెండోది, ర్యాంకులు వారం వారం ఏడెనిమిది స్థానాలు ఎగిరిపడుతున్నాయి. మూడోది, బలహీనమైన జట్లతో వరసగా ఆడినవాళ్లు పైకి పోతున్నారు, దాన్ని ఎలా సరిచేయాలో తెలియట్లేదు.

ఎక్సెల్ బాగా వచ్చు. ప్లే-బై-ప్లే డేటా (ఒక్కో ప్లేకి, అంటే ఒక్కో ప్రయత్నానికి, ఒక వరుస) దించుకోగలను. ప్రోగ్రామింగ్ అంతంతమాత్రం. ఎక్కడి నుంచి మార్చాలి?


జవాబు: గొలుసు_కొలత

ముందుగా ర్యాంకుల సగటు తీయడం ఆపేయండి. ర్యాంకు వేసిన మరుక్షణం జట్ల మధ్య దూరం చెరిగిపోతుంది. మొదటి జట్టుకీ రెండోదానికీ మధ్య మ్యాచ్‌కి 30 యార్డుల తేడా ఉండొచ్చు, 12వ జట్టుకీ 18వ జట్టుకీ మధ్య ఆరే యార్డులు ఉండొచ్చు. మీ షీట్ మాత్రం మొదటిదాన్ని ఒక మెట్టుగా, రెండోదాన్ని ఆరు మెట్లుగా చూస్తోంది. అంతగా నాలుగూ కలపాలనుకుంటే ఒక్కో కాలమ్‌లో లీగ్ సగటు తీసేసి స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించి కలపండి. ర్యాంకు అనేది చిట్టచివర ఒక్కసారే వేయాలి.

రెండోది, "మ్యాచ్‌కి" అనే హారం. ఒక మ్యాచ్‌లో ఒక్కో జట్టుకి పది నుంచి పన్నెండు డ్రైవ్‌లు (బంతి చేతికొచ్చినప్పటి నుంచి పోయేదాకా జరిగే ప్లేల వరస) వస్తాయి. ఒకే మ్యాచ్‌లో ఆడిన రెండు జట్లకీ డ్రైవ్‌ల సంఖ్య దాదాపు సమానం, ఒకటి అటూ ఇటూ అంతే. బంతిని రన్‌తో నెమ్మదిగా నడిపి గడియారం కరిగించే జట్టు తన మ్యాచ్‌లన్నిటిలో ఇరువైపులా డ్రైవ్‌లు తగ్గించేస్తుంది. అప్పుడు దాని ఆఫెన్స్ ఉన్నదానికన్నా నాసిగా, డిఫెన్స్ ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. హారం డ్రైవ్‌కో ప్లేకో మారిస్తే ఈ మాయ పోతుంది.

మూడోది, "ఇచ్చిన పాయింట్లు" అనే కాలమ్. డిఫెన్స్ మైదానంలో లేనప్పుడు వచ్చిన పాయింట్లు కూడా అందులో కలిసిపోతాయి. 2022 డిసెంబర్ 17న కోల్ట్స్, వైకింగ్స్ మ్యాచ్ తీసుకోండి. కోల్ట్స్ హాఫ్‌టైమ్‌కి 33-0తో ముందున్నారు, చివరికి ఓవర్‌టైమ్‌లో 39-36తో ఓడిపోయారు. కోల్ట్స్ 36లో ఒక టచ్‌డౌన్ బ్లాక్ చేసిన పంట్ (బంతిని దూరంగా తన్నేసే కిక్) మీద వచ్చింది, ఇంకొకటి ఇంటర్‌సెప్షన్ (ప్రత్యర్థి పాస్‌ని మధ్యలో పట్టేయడం) రిటర్న్ మీద వచ్చింది. అదనపు పాయింట్లతో కలిపి ఆ 14 తీసేస్తే వైకింగ్స్ డిఫెన్స్ నిజంగా ఇచ్చింది ఒక టచ్‌డౌన్, ఐదు ఫీల్డ్ గోల్స్, అంటే 22. మీ షీట్‌లో మాత్రం 36 పడుతుంది.

ఇక మీరు అడిగిన రన్, పాస్ చిక్కు. రన్ యార్డులు తక్కువ ఇవ్వడం, ప్రత్యర్థులు అసలు రన్ చేయకపోవడం వల్ల కూడా జరుగుతుంది. పాస్ డిఫెన్స్ బలహీనంగా ఉంటే ఎవరైనా పాసే విసురుతారు, రన్ జోలికి ఎందుకు పోతారు? దీనికి వ్యతిరేక సందర్భమూ ఉంది. ఎప్పుడూ ముందంజలో ఉండే జట్టు మీద ప్రత్యర్థి వెనకబడి, చివరి క్వార్టర్ అంతా పాస్‌లే విసురుతాడు. ఆ డిఫెన్స్ పాస్ యార్డుల్లో అడుగున పడుతుంది, నిజానికి అది మంచి డిఫెన్స్. మొత్తం యార్డులు చూస్తే ఈ రెండు జట్లూ ఒకేలా కనిపిస్తాయి. ప్లేకి ఎంత ఇచ్చారో చూస్తేనే విడిపోతాయి.

ఇంకో చిన్న మెలిక: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో శాక్ (పాస్ విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే విసిరేవాణ్ని, పడగొట్టడం) వల్ల పోయిన యార్డుల్ని జట్టు పాస్ యార్డుల్లోంచి తీసేస్తారు. కాలేజ్ ఫుట్‌బాల్‌లో అవే యార్డులు రన్ లెక్కలోంచి పోతాయి. రెండు చోట్ల డేటా కలిపి చూసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఎక్సెల్‌లోనే ఉండాలంటే డ్రైవ్‌కి పాయింట్లు మంచి మొదలు. ఆఫెన్స్ టచ్‌డౌన్‌కి 7, ఫీల్డ్ గోల్‌కి 3, సేఫ్టీ (సొంత గోల్ ప్రాంతంలో బంతితో పడిపోవడం) ఇచ్చుకుంటే మైనస్ 2, మిగతావన్నీ సున్నా. అదనపు పాయింటు తప్పిందా, రెండు పాయింట్ల ప్రయత్నం చేశారా అన్నది పట్టించుకోకండి, నేరుగా 7 వేసేయండి. మోకాలు ఆనించి గడియారం నడిపేసిన డ్రైవ్‌లు, హాఫ్ ఆఖర్లో అర నిమిషం మాత్రమే ఉండగా సొంత సగంలో మొదలైన డ్రైవ్‌లు తీసేయండి. లీగ్ సగటు సుమారు 2 పాయింట్ల దగ్గర వస్తుంది. రాకపోతే వడపోతలో ఎక్కడో పొరపాటు ఉన్నట్టే.

డ్రైవ్ ఎక్కడ మొదలైందన్నది కూడా తీసేయాలి. సొంత 25 యార్డుల దగ్గర ఫస్ట్ డౌన్ విలువ ఒక పాయింటుకి కాస్త పైన ఉంటుంది. ప్రత్యర్థి 20 దగ్గర అది 4కి దగ్గర్లో ఉంటుంది. డ్రైవ్‌లో వచ్చిన పాయింట్లలోంచి ఈ మొదలు విలువ తీసేస్తేనే, సొంత క్వార్టర్‌బ్యాక్ ఇంటర్‌సెప్షన్లతో ఇరుక్కున్న డిఫెన్స్‌కి న్యాయం జరుగుతుంది. సీజన్లని పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త: కిక్‌ఆఫ్ టచ్‌బ్యాక్ (రిటర్న్ చేయని కిక్‌ఆఫ్ తర్వాత డ్రైవ్ మొదలయ్యే చోటు) 2024లో 30 యార్డుల గీతకి, 2025లో 35కి జరిగింది. డ్రైవ్‌కి పాయింట్లు పెరిగాయంటే ఆఫెన్స్‌లు బాగుపడ్డాయని వెంటనే అనుకోవద్దు.


జవాబు: పచ్చగడ్డి_డేటా

గొలుసు_కొలత గారు చెప్పిన "మొదలు విలువ" ఆలోచననే ప్రతి ప్లేకీ వర్తింపజేస్తే వచ్చేది ఈపీఏ (ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ యాడెడ్, అంటే ఆ ప్లే వల్ల పెరిగిన అంచనా పాయింట్లు). డౌన్, కావాల్సిన యార్డులు, మైదానంలో స్థానం, మిగిలిన సమయం బట్టి ప్రతి స్థితికీ ఇన్ని పాయింట్లని ఒక అంచనా ఉంటుంది. ప్లే తర్వాతి అంచనాలోంచి ముందు అంచనా తీసేస్తే ఆ ప్లే విలువ. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1971లోనే వర్జిల్ కార్టర్, రాబర్ట్ మెకోల్ కలిసి 1969 సీజన్ ప్లేలతో మైదానం పొడవునా ఇలాంటి విలువలు లెక్కగట్టారు. కార్టర్ అప్పటికి సిన్సినాటీ బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ కూడా.

యార్డులకన్నా ఇదెందుకు మెరుగో ఒక్క ప్లేలో తెలిసిపోతుంది. మూడో డౌన్, 15 కావాలి, 10 యార్డులు వచ్చాయి, పంట్ చేశారు. యార్డుల లెక్కలో అది మంచి ప్లే, ఈపీఏలో మైనస్. మూడో డౌన్, 1 కావాలి, 2 వచ్చాయి. యార్డుల్లో ఏమీ కాదు, ఈపీఏలో గట్టి ప్లస్.

డేటా ఎన్‌ఎఫ్‌ఎల్‌వర్స్ అనే ప్రాజెక్టు వాళ్లది ఉచితం. 1999 నుంచి ఉంది, ఈపీఏ కాలమ్ లెక్కగట్టే వస్తుంది. ఆర్ (ప్రోగ్రామింగ్ భాష) వాడినా పైథాన్ వాడినా, లేక సీజన్ ఫైల్ నేరుగా దించుకున్నా ఒకటే. ఒక సీజన్‌కి దాదాపు 50 వేల వరుసలు ఉంటాయి, ఎక్సెల్ తెరుస్తుంది కానీ ఆయాసపడుతుంది. కావాల్సిన పదిహేను కాలమ్‌లు ఉంచుకుని మిగతావి కొట్టేయండి.

వడపోత ఈ వరసలో చేయండి. రెగ్యులర్ సీజన్ మాత్రమే ఉంచండి: 272 మ్యాచ్‌లు లెక్క సరిపోతున్నాయో చూసుకోండి (17 మ్యాచ్‌లు, 32 జట్లు, సగం). పాస్ లేదా రన్ జెండా (ఆ రకం ప్లే అయితే 1, కాకపోతే 0 ఉండే కాలమ్) 1 ఉన్న వరుసలే ఉంచండి. ఈపీఏ ఖాళీగా ఉన్నవి, డౌన్ ఖాళీగా ఉన్నవి తీసేయండి, రెండోదాంతో రెండు పాయింట్ల ప్రయత్నాలు పోతాయి. మోకాలు ఆనించినవి, గడియారం ఆపడానికి బంతిని నేలకి కొట్టినవి తీసేయండి. మిగిలేవి 35 వేలకి కాస్త అటూ ఇటూ. 50 వేలు ఇంకా అలాగే ఉన్నాయంటే కిక్‌ఆఫ్‌లు, పంట్‌లు లోపలే ఉండిపోయాయన్నమాట.

తర్వాత బంతి ఉన్న జట్టు వారీగా ఈపీఏ సగటు తీస్తే ఆఫెన్స్, ఎదుటి జట్టు వారీగా తీస్తే డిఫెన్స్. ఇంతే, పివట్ టేబుల్ చాలు.

ఎక్కువమంది తడబడే చోట్లు చెబుతాను.

ఈపీఏ ఎప్పుడూ బంతి ఉన్న జట్టు వైపు నుంచే రాసి ఉంటుంది. కాబట్టి డిఫెన్స్‌కి మైనస్ మంచిది. రెండు కాలమ్‌లూ పెద్దది నుంచి చిన్నదికి సార్ట్ చేసేసి, లీగ్‌లో అధమ డిఫెన్స్‌ని మొదటి స్థానంలో పెట్టిన పట్టికలు కొల్లలు.

క్వార్టర్‌బ్యాక్ పాస్ కోసం వెనక్కి వెళ్లి, దారి దొరక్క పరిగెత్తితే అధికారిక గణాంకాల్లో అది రన్. ఈ డేటాలో పాస్ జెండా ఉంటుంది, ఎందుకంటే పిలిచిన ప్లే పాసే. శాక్‌లూ అంతే. పాస్ డిఫెన్స్, రన్ డిఫెన్స్ విడదీసేటప్పుడు ఈ జెండాలే వాడండి. ప్లే రకం అనే కాలమ్‌తో విడదీస్తే పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్‌లున్న జట్ల రన్ ఆట ఊరికే ఉబ్బిపోతుంది.

పెనాల్టీ వల్ల రద్దయిన ప్లేలకి ప్లే రకం "ప్లే లేదు" అని ఉంటుంది. దాన్ని చూసి కొట్టేస్తే డిఫెన్సివ్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌లన్నీ (పాస్ పట్టబోయేవాణ్ని డిఫెన్స్ అడ్డుకున్న తప్పులు) పోతాయి. 40 యార్డుల పెనాల్టీ ఇచ్చిన డిఫెన్స్ దాన్నుంచి తప్పించుకోకూడదు కదా. మరోవైపు స్నాప్‌కి (ప్లే మొదలవడానికి) ముందే పడే ఫాల్స్ స్టార్ట్‌లకి (ఆఫెన్స్ ముందే కదలడం) పాస్, రన్ జెండాలు రెండూ సున్నా, కాబట్టి పై వడపోతలో అవి రాలిపోతాయి. ఉంచాలనుకుంటే విడిగా కలపండి. అన్ని జట్లకీ ఒకే నియమం ఉన్నంతవరకు పెద్ద తేడా రాదు.

జట్టు కోడ్‌లు: ఇక్కడ రామ్స్‌కి "ఎల్ఏ" అని ఉంటుంది, వేరే చోట్ల నుంచి తెచ్చిన షెడ్యూళ్లలో "ఎల్ఏఆర్" అని ఉంటుంది. రెండు షీట్లు కలిపితే 31 జట్లే మిగిలాయంటే కారణం అదే.

పెద్ద ప్లేల సంగతి కూడా చూడాలి. ప్రత్యర్థి ఇంటర్‌సెప్షన్ చేసి టచ్‌డౌన్ దాకా తీసుకుపోయిన ఒక ప్లే విలువ మైనస్ 8 దగ్గర ఉండొచ్చు. ఐదు మ్యాచ్‌లు, మ్యాచ్‌కి 62 ప్లేల చొప్పున 310 ప్లేలు అనుకుంటే ఆ ఒక్క ప్లే సగటుని 0.026 కిందకి లాగుతుంది. సీజన్ మొత్తం 1054 ప్లేలలో అయితే 0.008. సీజన్ మొదట్లో మీ ర్యాంకులు ఎగిరిపడటానికి సగం కారణం ఇలాంటి ప్లేలే. ఫంబుల్ అయితే మరీను. బంతి జారవిడవడంలో కొంత ఆటగాడి పాత్ర ఉంది, జారాక ఎవరి చేతికి చిక్కిందన్నది దాదాపు బొమ్మాబొరుసే. అందుకని ఫంబుల్ అయిన ప్రతి ప్లేకీ, ఎవరు అందుకున్నా సరే, లీగ్‌లో ఫంబుల్ ప్లేల సగటు ఈపీఏనే వేయండి. ఇంటర్‌సెప్షన్లని పూర్తిగా చదును చేయొద్దు కానీ, ఈపీఏని ప్లస్ 4, మైనస్ 4 దగ్గర కత్తిరిస్తే రిటర్న్ యార్డుల అదృష్టం చాలావరకు పోతుంది.

పక్కన సక్సెస్ రేటు కూడా పెట్టుకోండి, అంటే ఈపీఏ సున్నాకి పైన ఉన్న ప్లేల శాతం. ఈపీఏ పైన ఉండి సక్సెస్ రేటు దిగువన ఉన్న ఆఫెన్స్ నాలుగైదు పొడవాటి ప్లేల మీద బతుకుతోందని అర్థం.


మూడో_డౌన్:

పివట్ వచ్చింది, 34 వేల చిల్లర వరుసలు మిగిలాయి. ఎల్ఏ గొడవ నాకూ తగిలింది. ఇప్పుడు ప్రత్యర్థి బలం సంగతి. రిగ్రెషన్‌కి పోకుండా ఎక్సెల్‌లోనే చేయొచ్చా?


జవాబు: గొలుసు_కొలత

చేయొచ్చు. ప్రతి మ్యాచ్‌కి రెండు వరుసలు ఉండాలి: ఆఫెన్స్ జట్టు, డిఫెన్స్ జట్టు, ప్లేల సంఖ్య, ఆ మ్యాచ్‌లో ఈపీఏ సగటు. మొత్తం 544 వరుసలు. లీగ్ సగటు అన్నిట్లోంచి తీసేయండి.

మొదటి దఫా డిఫెన్స్ రేటింగులన్నీ సున్నా. ఆఫెన్స్ రేటింగు అంటే ఆ జట్టు వరుసల్లో (ఈపీఏ మైనస్ ఎదుటి డిఫెన్స్ రేటింగు) సగటు, ప్లేల సంఖ్య వెయిట్‌గా. సమ్‌ప్రొడక్ట్‌తో ఒక్క ఫార్ములా. తర్వాత డిఫెన్స్ రేటింగు: ఆ డిఫెన్స్ వరుసల్లో (ఈపీఏ మైనస్ ఎదుటి ఆఫెన్స్ రేటింగు) సగటు. ఇప్పుడు కొత్త డిఫెన్స్ రేటింగులతో మళ్లీ ఆఫెన్స్. ఇలా పది దఫాలు తిప్పితే సీజన్ మధ్యకి అంకెలు మూడో దశాంశం దగ్గర కదలడం మానేస్తాయి.

ఒక జట్టు మీద చూద్దాం. లీగ్ సగటుకి పైన ప్లేకి 0.10 సాధించింది. అది ఎదుర్కొన్న డిఫెన్స్‌ల రేటింగులు 0.06, 0.04, 0.05 (ప్లస్ కాబట్టి అన్నీ నాసి డిఫెన్స్‌లే), ప్లేలు దాదాపు సమానం. సగటు 0.05. రెండో దఫాలో ఈ ఆఫెన్స్ 0.05కి దిగుతుంది. అది దిగడంతో ఆ మూడు డిఫెన్స్‌ల రేటింగు ఇంకాస్త నాసి అవుతుంది, ఎందుకంటే అవి అనుకున్నంత గొప్ప ఆఫెన్స్‌ని ఎదుర్కోలేదు. అందుకే ఒక్క దఫాతో ఆపకూడదు.

రెండు ఉచ్చులు ఉన్నాయి. ఆఫెన్స్, డిఫెన్స్ రెండింటినీ ఒకే దఫాలో పాత అంకెలతో మార్చొద్దు, సగటు సున్నాకి సరిచేయకపోతే అంకెలు ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి మార్చండి, ప్రతి దఫా ఆఖర్లో 32 ఆఫెన్స్‌ల సగటు తీసేయండి. ఇక సర్క్యులర్ రిఫరెన్స్ పెట్టి ఎక్సెల్‌ని తనంతట తాను తిప్పుకోమనొద్దు, ఒక్క సెల్‌లో తప్పు వస్తే షీట్ అంతా పాకి, వెనక్కి తెచ్చుకోలేరు. ఒక్కో దఫాకి రెండు కొత్త కాలమ్‌లు వేయండి, ఎక్కడ చెడిందో కంటికి కనిపిస్తుంది.

మొదటి రెండు మూడు వారాల్లో ఇది చేయడం దండగ. మొదటి వారం తర్వాత లీగ్ అంటే పదహారు విడివిడి జంటలు. ఆఫెన్స్ బాగా ఆడిందా, ఎదుటి డిఫెన్స్ నాసిగా ఉందా అన్నది ఏ లెక్కా తేల్చలేదు.


జవాబు: లాంబ్డా

ఈ తిప్పుడు పద్ధతి చివరికి చేరేది మామూలు లీస్ట్ స్క్వేర్స్ జవాబుకే. దాని లోపం ఒక్కటే, తక్కువ మ్యాచ్‌లు ఉన్నప్పుడు అంకెల్ని యథాతథంగా నమ్మేస్తుంది. రిడ్జ్ రిగ్రెషన్ (తక్కువ డేటా ఉన్న అంచనాల్ని సగటు వైపు కుదించే పద్ధతి) ఎందుకు కావాలో ఈ లెక్క చూడండి.

ఒక్క ప్లే ఈపీఏ స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 1.25. ఐదు మ్యాచ్‌ల 310 ప్లేలకి సగటులో పొరపాటు 1.25 ÷ √310, అంటే 0.071. ఆఫెన్స్‌ల మధ్య అసలు తేడా స్టాండర్డ్ డీవియేషన్ 0.08 అనుకుందాం. అంటే మీరు చూస్తున్న చెల్లాచెదురులో దాదాపు సగం రొద, అంటే అదృష్టం వల్ల వచ్చిన తేడా. వర్గాలు వేస్తే 0.0064 ÷ (0.0064 + 0.0050) = 0.56, ఇదే అంకె మీద పెట్టగల నమ్మకం. ఐదో వారంలో 0.15 ఉన్న ఆఫెన్స్‌ని 0.084 అని చదవాలి. సీజన్ ఆఖరికి 1054 ప్లేలు, పొరపాటు 0.0385, నమ్మకం 0.81కి ఎక్కుతుంది.

డిఫెన్స్‌లో అసలు తేడాలు ఇంకా చిన్నవి. అక్కడ 0.06 పెడితే ఐదో వారంలో నమ్మకం 0.42, ఆఖరికి 0.71. డిఫెన్స్ ర్యాంకులు ఆఫెన్స్ కన్నా ఎక్కువ ఎగిరిపడేది ఇందుకే. ఏ ప్లే ఆడాలో, బంతి ఎవరికి వెళ్లాలో ఆఫెన్స్ నిర్ణయిస్తుంది, డిఫెన్స్ దానికి బదులిస్తుంది.

రిడ్జ్ ఈ కుదింపునీ, ప్రత్యర్థి సర్దుబాటునీ ఒకేసారి చేస్తుంది. ప్రతి ప్లే ఒక వరుస. 32 ఆఫెన్స్ కాలమ్‌లు, 32 డిఫెన్స్ కాలమ్‌లు, వాటిల్లో సున్నాలు, ఒకట్లు. ఇంకో కాలమ్ సొంత మైదానానికి: బంతి ఉన్న జట్టు సొంత మైదానంలో ఉంటే 1, ప్రత్యర్థి మైదానంలో ఉంటే మైనస్ 1, తటస్థ మైదానంలో 0. విదేశాల్లో జరిగే మ్యాచ్‌లకి ఈ సున్నా మర్చిపోవద్దు, షెడ్యూల్‌లో కాగితం మీద ఒక జట్టు ఆతిథ్య జట్టుగానే ఉంటుంది. మామూలు రిగ్రెషన్‌లోలాగా ఒక జట్టు కాలమ్ తీసేయాల్సిన పని లేదు. తీసేస్తే మిగతా జట్లన్నీ ఆ ఒక్క జట్టు వైపు కుదించుకుపోతాయి, అది తప్పు. 32 ఉంచితే అందరూ లీగ్ సగటు వైపు కుదించుకుంటారు.

పెనాల్టీ (ఆటలోది కాదు, ఎంత గట్టిగా కుదించాలో చెప్పే అంకె) ఎంత పెట్టాలి? పై అంకెలతోనే వస్తుంది: 1.5625 (1.25 వర్గం) ÷ 0.0064, సుమారు 244. డిఫెన్స్‌కి 1.5625 ÷ 0.0036, సుమారు 434. ఒకే పెనాల్టీ వాడే లైబ్రరీలో రెండు రకాల కుదింపు కావాలంటే డిఫెన్స్ కాలమ్‌లలో 1 బదులు 0.75 వేయండి (0.06 ÷ 0.08), వచ్చిన గుణకాన్ని మళ్లీ 0.75తో గుణించండి. నిజానికి ఒకే మ్యాచ్‌లోని ప్లేలు ఒకదానికొకటి సంబంధం లేనివి కావు, వాతావరణం, గాయాలు, ఆనాటి వ్యూహం అన్నిట్లోనూ ఉంటాయి. అందుకని క్రాస్ వాలిడేషన్ (డేటాలో కొంత దాచి, మిగతాదాంతో కట్టి, దాచినదాని మీద పరీక్షించడం) చేస్తే ఇంతకన్నా పెద్ద పెనాల్టీ రావడం మామూలే.

ఆ క్రాస్ వాలిడేషన్‌లో మడతలు (డేటాని విడదీసే ముక్కలు) మ్యాచ్‌ల వారీగా వేయాలి, ప్లేల వారీగా కాదు. ప్లేలని కలగాపులగం చేసి విడదీస్తే ఒకే మ్యాచ్ ప్లేలు నేర్చుకునే వైపూ, పరీక్షించే వైపూ పడతాయి. మోడల్ ఆ మ్యాచ్‌ని ముందే చూసేసినట్టు. పెనాల్టీ చాలా చిన్నదే మంచిదని జవాబు వస్తుంది, మీ ర్యాంకులు మళ్లీ ఎగిరిపడతాయి.

పైథాన్‌లోని సైకిట్-లెర్న్ లైబ్రరీ రిడ్జ్‌కీ ఆర్‌లోని జీఎల్ఎమ్‌నెట్ లైబ్రరీకీ పెనాల్టీ కొలబద్ద వేరు. మొదటిది తప్పుల వర్గాల మొత్తానికి పెనాల్టీ కలుపుతుంది, రెండోది ముందు వరుసల సంఖ్యతో భాగిస్తుంది. సైకిట్-లెర్న్‌కి సరిపోయే 244ని జీఎల్ఎమ్‌నెట్‌లో యథాతథంగా పెడితే అన్ని జట్లూ సున్నా అయిపోతాయి. జీఎల్ఎమ్‌నెట్‌లో కాలమ్‌లని ప్రామాణీకరించే ఆప్షన్ ముందే ఆన్‌లో ఉంటుంది, ఈ సున్నా-ఒకటి కాలమ్‌లకి దాన్ని ఆపేయండి.


జవాబు: నాలుగో_క్వార్టర్

ఎవరూ ఎత్తని విషయం ఒకటి. మ్యాచ్ ఫలితం తేలిపోయాక ఆడే ప్లేలు తీసేయాలా వద్దా? గెలుపు అవకాశం 5 శాతం నుంచి 95 శాతం మధ్య ఉన్న ప్లేలే ఉంచమని చాలామంది కళ్లు మూసుకుని చెబుతారు. పైన చెప్పిన కోల్ట్స్, వైకింగ్స్ మ్యాచ్ మీదే ఆ నియమం పెట్టి చూడండి. హాఫ్‌టైమ్‌కి వైకింగ్స్ గెలుపు అవకాశం 1 శాతం లోపే. అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలోనే అతిపెద్ద పునరాగమనంలో చాలా భాగాన్ని "లెక్కలోకి రాని ఆట" అని మీ వడపోత చెత్తబుట్టలో వేస్తుంది. చచ్చినట్టే కనిపించిన మ్యాచ్ అది, ఆ ప్లేలు మాత్రం నిజమైనవే.

పూర్తిగా తీసేయకుండా వెయిట్ తగ్గించండి. నాలుగో క్వార్టర్‌లో, గెలుపు అవకాశం 2 శాతం లోపు లేదా 98 శాతం పైన ఉన్న ప్లేలకి వెయిట్ 0.3 ఇవ్వండి, మిగతావన్నిటికీ 1. ఈ 0.3 ఎక్కడి నుంచి వచ్చిందంటే ఉజ్జాయింపే, మీ డేటా మీద పరీక్షించి మార్చుకోండి. బెట్టింగ్ లైన్ (మ్యాచ్‌కి ముందు పందేల మార్కెట్ ఇచ్చే పాయింట్ల తేడా) కలిపి లెక్కించిన గెలుపు అవకాశం కాలమ్ కూడా డేటాలో ఉంటుంది, వడపోతకి అది వద్దు. మ్యాచ్‌కి ముందు జనం ఏ జట్టుని గొప్పదనుకున్నారో ఆ అభిప్రాయం దొడ్డిదారిన మీ ర్యాంకుల్లోకి వస్తుంది.

గెలుపోటములతో ర్యాంకుల్ని సరిచూసుకునే అలవాటు ఉంటే అది కూడా మానుకోండి. అదే వైకింగ్స్ 2022లో 13-4తో ముగించారు, కానీ సాధించినవి 424 పాయింట్లు, ఇచ్చినవి 427. ఎనిమిది లేదా అంతకన్నా తక్కువ పాయింట్ల తేడాతో తేలిన మ్యాచ్‌లు 11 ఆడి పదకొండూ గెలిచారు. పాయింట్ల నిష్పత్తిని 2.37 ఘాతంతో వేసే లెక్కలో ఆ జట్టుకి రావాల్సింది 8.4 గెలుపులు. మీ షీట్ ఆ జట్టుని మధ్యలో పెడితే షీట్‌లో తప్పేమీ లేదు.


మూడో_డౌన్:

రిడ్జ్ నడిపాను. ఫంబుల్ సర్దుబాటు, మ్యాచ్‌ల వారీ మడతలు పెట్టాక వారం వారం కదలిక రెండు మూడు స్థానాలకి దిగింది. రెండు సందేహాలు మిగిలాయి. ఆఫెన్స్, డిఫెన్స్ కలిపి ఒకే అంకె కావాలంటే ఎలా? కుదించిన పద్ధతి నా పాతదానికన్నా నిజంగా మెరుగని ఎలా తేల్చుకోవాలి? ర్యాంకులు నిలకడగా ఉండటం వేరు, సరిగ్గా ఉండటం వేరు కదా.


జవాబు: లాంబ్డా

కలపడం తేలిక: ఆఫెన్స్ రేటింగులోంచి డిఫెన్స్ రేటింగు తీసేసి (డిఫెన్స్ మైనస్ అయితే కలుస్తుంది), 62తో గుణించండి. ఆఫెన్స్ 0.07, డిఫెన్స్ మైనస్ 0.03 అయితే 0.10 × 62, సగటు జట్టు మీద మ్యాచ్‌కి సుమారు 6 పాయింట్ల పైచేయి. కిక్కర్, పంట్, రిటర్న్‌లు ఇందులో లేవు, వాటిని మూడో అంకెగా విడిగా చూపించండి. ఆఫెన్స్‌కో డిఫెన్స్‌కో అంటగట్టొద్దు.

పరీక్షకి: 1 నుంచి 9 వారాల డేటాతో మాత్రమే రెండు పద్ధతుల రేటింగులూ కట్టండి. 10 నుంచి 17 వారాల ప్రతి మ్యాచ్‌కీ రెండు జట్ల తేడాతో పాయింట్ల తేడా ఊహించండి, అసలు తేడాతో సగటు పొరపాటు చూడండి. పాత పద్ధతి అంకె పాయింట్లలో ఉండదు కాబట్టి, దాన్ని ముందు 9 వారాల ఫలితాల మీద ఒక గీతతో పాయింట్లలోకి మార్చుకోండి, అప్పుడే పోలిక సమంగా ఉంటుంది. ఒక్క సీజన్ చాలదు, ఎనిమిది వారాల్లో నూరు చిల్లర మ్యాచ్‌లే ఉంటాయి, ఒక్కో మ్యాచ్ ఫలితం పదీ పదిహేను పాయింట్లు అటూ ఇటూ పోతుంది. కనీసం ఐదారు సీజన్లు పెట్టండి. కత్తిరింపు 4 దగ్గరా 5 దగ్గరా, వెయిట్ 0.3 ఆ 0.5 ఆ లాంటివన్నీ ఒకే సీజన్ మీద సర్దుకుంటూ పోతే ఆ సీజన్‌కి కుట్టిన చొక్కా తయారవుతుంది, పక్క సీజన్‌కి పట్టదు.

18వ వారాన్ని పరీక్షలో పెట్టలేదని గమనించే ఉంటారు. ప్లేఆఫ్ స్థానం ఖాయమైన జట్లు ప్రధాన ఆటగాళ్లని కూర్చోబెడతాయి. రేటింగులు కట్టేటప్పుడు కూడా, క్వార్టర్‌బ్యాక్‌ని పక్కనపెట్టిన జట్టు ఆఫెన్స్ ప్లేలని ఆ వారానికి వదిలేయండి. అదే మ్యాచ్‌లో ఎదుటి డిఫెన్స్ లెక్కలోంచీ అవి పోవాలి, లేకపోతే రిజర్వ్ క్వార్టర్‌బ్యాక్ మీద ఆడినందుకు ఆ డిఫెన్స్ నాలుగు మెట్లు ఎక్కి కూర్చుంటుంది.